నాలుగు మీటర్ల దూరం

“రిపోర్టులో ఏం రాసినారో చదివినా. నువ్వు ఏం చూసినావో అది చెప్పమ్మా,” అన్నాడు మహబూబ్ బాషా.

నర్సు జ్ఞానమణి ఒకసారి తలుపు వైపు చూసింది. క్యాజువాల్టీ వెనక, ఆక్సిజన్ సిలిండర్లు పేర్చిన వరండాలో ఇద్దరూ నాలుగడుగుల ఎడంగా నిలబడి ఉన్నారు. ఎవరైనా అడిగితే రోగి తాలూకు మనిషినని చెప్పమని ఆమె ముందే హెచ్చరించింది. సోమవారం, పదకొండు ముప్పై అయిదు. ఆమెకు దొరికిన టీ విరామం పదిహేను నిమిషాలు. అందులో అయిదు అప్పుడే అయిపోయాయి.

బాషా తొందరపెట్టలేదు. అతనిది ప్రొద్దుటూరు. కడప ఆర్మ్‌డ్ రిజర్వులో సబ్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి, మధ్యలో ఆ ఉద్యోగం వదిలేసి, ఆరేళ్లుగా రియాద్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి దర్యాప్తు అధికారిగా ఉంటున్నాడు. పనిచోట మనిషి పోతే ఎలా పోయాడో తేల్చి రాయడం అతని పని. ఈసారి అతను రాయబోయేదాని మీద ఇంకో మనిషి మెడ ఆధారపడి ఉంది.

క్యాంపు నడిపే కంపెనీ చెబుతున్న కథ ఇదీ. శుక్రవారం మధ్యాహ్నం రియాద్ శివారు సులైలోని లేబర్ క్యాంపులో కరెంటు పోయింది. నలభై ఆరు డిగ్రీల ఎండ. ఏసీలు ఆగిపోయిన రేకుల గదుల్లో ఉండలేక మూడువందల మంది గేటు దగ్గర పోగయ్యారు. పోలీసులు వచ్చి టియర్ గ్యాస్, రబ్బరు బుల్లెట్లు పేల్చి వాళ్లను చెదరగొట్టారు. ఆ గందరగోళంలో, నాలుగున్నర ప్రాంతంలో, పెరట్లో ఉన్న క్యాంపు ఎలక్ట్రీషియన్ దానం తలకు రాయి తగిలి చనిపోయాడు. రాయితో కొట్టింది నిజామాబాద్ తాపీమేస్త్రి బుచ్చన్న. గొడవకు పెద్ద అతనే. దానం తమతో కలిసి రాలేదని కక్ష పెట్టుకున్నాడు. మూడు రోజులుగా బుచ్చన్న లాకప్పులో ఉన్నాడు. హత్య అని తేలితే ఈ దేశంలో శిక్ష ఏమిటో విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

“మా దగ్గరికి తెచ్చేసరికి అయిదుకి పది నిమిషాలండి,” అంది జ్ఞానమణి చివరికి. పాలకొల్లు దగ్గరి ఊరు ఆమెది, ఈ ఆసుపత్రిలో తొమ్మిదేళ్ల సర్వీసు. “అప్పటికే ప్రాణం లేదు. తల వెనకాల దెబ్బ ఉన్న మాట నిజమే. కానీ అంత దెబ్బకి కారాల్సిన రక్తం కారలేదండి. పోయాక కొట్టినట్టు ఉంది. చొక్కా కత్తిరించింది నేనే. ఎడమ రొమ్ము మీద గుండ్రంగా ఒక అచ్చు ఉంది. చిన్న టీ గ్లాసు బోర్లించి నొక్కినట్టు. మధ్యలో తెల్లగా, చుట్టూ ఎర్రగా.”

ఆ సంగతి డాక్టరుకు చెబితే, తల దెబ్బ కనిపిస్తూనే ఉందిగా అని ఆయన దాన్నే రాశాడట. ఆమె మాత్రం నర్సింగ్ నోట్సులో రొమ్ము మీది అచ్చు గురించి రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టింది. ఆ కాగితం ఇంకా ఫైల్లోనే ఉంది.

ఆ సాయంత్రం క్యాంపు నుంచి ఇంకా ఎంతమంది వచ్చారని బాషా అడిగాడు. పదకొండు మంది, అందామె. ఒకతనికి తొడ మీద రబ్బరు బుల్లెట్ తగిలి అరచేయంత మేర నల్లగా కమిలింది. మిగిలిన వాళ్లంతా గ్యాస్ పీల్చి వచ్చినవాళ్లే. దగ్గు, వాంతులు, తెరవలేని కళ్లు. వాళ్ల బట్టలు పట్టుకున్న నర్సులకు కూడా కన్నీళ్లు ఆగక, బట్టలన్నీ సంచుల్లో కట్టి బయట పెట్టించారు.

“దానం చొక్కా కత్తిరించేటప్పుడు నీ కండ్లు మండినాయా అమ్మా?”

ఆమె చేతిలోని ప్లాస్టిక్ కప్పును మెల్లగా సిలిండరు మీద పెట్టింది.

“లేదండి,” అంది. “ఇంటి ఫోన్ నంబరేమైనా దొరుకుతుందేమోనని జేబులు వెతికాను. చొక్కా మొహానికి ఇంత దగ్గరగా పెట్టుకున్నాను. ఏమీ కాలేదు.”

బాషా నోట్‌బుక్ మూసేశాడు. నాలుగున్నరకు ఆ పెరట్లో పడిపోయిన మనిషి బట్టలకు గ్యాస్ అంటకుండా ఉండే అవకాశం లేదు. అంటే గ్యాస్ షెల్స్ పేలినప్పుడు దానం పెరట్లో లేడు. తలుపు మూసిన ఏదో గదిలో ఉన్నాడు. బహుశా అప్పటికే చచ్చి పడి ఉన్నాడు.

తన పేరు ఎక్కడా చెప్పొద్దని ఆమె అడిగింది. ఇక్కడ జీతం, ఈ దేశంలో ఉండనిచ్చే ఇకామా కార్డు, హాస్టలు గది అన్నీ ఒక్క సంతకంతో పోతాయని గుర్తుచేసింది. చెప్పనని బాషా మాట ఇచ్చాడు.

కారులోంచి అతను శుక్రవారం డ్యూటీ చేసిన పోలీసు లెఫ్టినెంటుకు ఫోన్ చేశాడు. ఆయన చెప్పిన టైములు సూటిగా ఉన్నాయి. తన మనుషులు గేటు దాటి లోపలికి అడుగు పెట్టలేదు. మొదటి షెల్ నాలుగూ పదికి పేలింది. అంతకుముందు, మూడూ ఇరవై నుంచి నాలుగూ పది దాకా, కరెంటు ఇప్పించమని తనతో వాదిస్తూ ఎదురుగా నిలబడ్డ పొట్టి మనిషి బుచ్చన్నే. పక్కన దుబాసీ కూడా ఉన్నాడు. దానం నాలుగూ పదికి ముందే చనిపోయాడని రుజువు చూపిస్తే, బుచ్చన్నకు తానే సాక్ష్యం చెబుతానన్నాడు లెఫ్టినెంట్. రుజువు మాత్రం చేతికి ఇవ్వగలిగేది కావాలి. నర్సు కళ్లు మండకపోవడం సరిపోదు.

ఒంటిగంటా ఇరవైకి బాషా క్యాంపు చేరాడు.

సెక్యూరిటీ మేనేజర్ అర్షద్ గేటు దగ్గరే ఎదురయ్యాడు. హైదరాబాదీ. ఆ ఎండలో కూడా మెడకు టై, నడుముకు వాకీటాకీ. శుక్రవారం నాటి కంపెనీ స్టేట్‌మెంటు రాసి సంతకం చేసింది అతనే. శవం దొరికిన చోటు చూపించి పంపించేద్దామన్నది అతని ఆలోచన. గోడ వారన ఒక మూల, ఇసుకలో ఎండిన మరక, పక్కన సుద్దపొడితో గీసిన గీత. బాషా ఆ మరకను అర నిమిషం కూడా చూడలేదు. దానికి ఆరడుగుల దూరంలో ఉన్న ఇనుప తలుపును చూశాడు.

“ఆ గది ఏంది?”

“కరెంటు గది. క్యాంపు మొత్తానికి మెయిన్ స్విచ్ అండ్లనే ఉంటది. దాంతోని నీకేం పని బాషా భాయ్?”

“సచ్చిపోయినోడు ఎలక్ట్రీషియన్ కదప్పా. తెరిపించు.”

తాళాలు క్యాంపు బాస్ అబ్దుల్ ఘనీ దగ్గర ఉన్నాయి. గదుల కేటాయింపు, నీళ్లు, కరెంటు అన్నీ చూసే మనిషి. యాభై ఏళ్లుంటాయి. అతనూ హైదరాబాద్ నుంచి వచ్చినవాడే, తెలుగు బాగా తెలుసు. కానీ ఒక్క మాట మాట్లాడకుండా వచ్చి తాళం తీసి, గడప బయటే నిలబడ్డాడు.

గది ఇరుకుగా ఉంది. ఎదుటి గోడకు మనిషెత్తు స్విచ్ బోర్డు. తలుపు పక్కన మంటలార్పే ఇసుక బకెట్లు మూడు. కిటికీ లేదు. తలుపు పైన గాలి కోసం చిన్న కంత. నేల ఫినాయిల్ వాసన కొడుతోంది. దుమ్ము పట్టిన ఈ క్యాంపులో మూడు రోజుల్లోపు ఎవరో శ్రద్ధగా కడిగిన నేల ఇదొక్కటే.

బాషా టేపు తీసి కొలవడం మొదలుపెట్టాడు. తలుపు నుంచి స్విచ్ బోర్డుకు నాలుగు మీటర్లు. బయటికి వెళ్లి తలుపు నుంచి గేటు దాకా అడుగులు లెక్కపెట్టాడు. డెబ్భై మీటర్ల పైచిలుకు, మధ్యలో వంటశాల గోడ ఒకటి అడ్డం. గేటు దగ్గర పేల్చిన రబ్బరు బుల్లెట్ ఆ గోడ చుట్టూ మలుపు తిరిగి ఈ గదిలోకి రాదు.

తిరిగొచ్చి బోర్డు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. దాని అడుగున కేబుళ్లు పోయే గుంట ఉంది. పైన ఇనుప రేకులు పరిచారు. రెండు రేకులు సరిగ్గా కూర్చున్నాయి. మూడోది గోడ వైపు బొటనవేలంత తెరుచుకుని ఉంది. బాషా దాన్ని ఎత్తి టార్చి వేశాడు. కేబుళ్ల మధ్య నల్లటి రబ్బరు దిమ్మె ఒకటి ఇరుక్కుని ఉంది. పొట్టిగా, టీ గ్లాసు మూతి అంత లావుగా. కొస మీద నీలం నూలు పోగులు రెండు అంటుకుని ఉన్నాయి. క్యాంపు ఎలక్ట్రీషియన్లు వేసుకునే చొక్కా రంగు అది.

గ్యాస్ షెల్స్ పేల్చే గన్‌తోనే పేల్చే ఆ రబ్బరు బుల్లెట్‌ను రుమాల్లో పట్టుకుని లేచాడు.

“మీ గార్డుల దగ్గర గ్యాస్ గన్ ఉందా అర్షద్?”

“లాఠీలు తప్ప ఏం లేవు. స్టేట్‌మెంట్ల అదే రాసిన. పోలీసోళ్లు కొట్టిందే ఎట్లనో ఎగిరొచ్చి పడ్డది.”

“డెబ్భై మీటర్ల కాడ్నుంచి వచ్చిన దెబ్బకు తొడ కములుతుంది, అంతే. ఇది నేరుగా గుండె మీద తగిలిన దెబ్బ. రొమ్ము మీద గుండ్రటి అచ్చు పడింది. ఆ పొద్దు డ్యూటీలో ఉన్న నర్సు కండ్లారా చూసింది.”

అన్న తర్వాత నాలుక కరుచుకున్నాడు. పేరు చెప్పకపోయినా, శుక్రవారం సాయంత్రం డ్యూటీలో ఉన్న నర్సు ఎవరో తెలుసుకోవడం ఎవరికీ కష్టం కాదు. గడప బయట అబ్దుల్ ఘనీ తాళాల గుత్తిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

అర్షద్ గొంతు తగ్గింది. మర్యాద కూడా తగ్గింది.

“నీ కథ నాకు ఎరుకలేదనుకుంటున్నవా? కడప బస్టాండ్ల కూరగాయలమ్మే ఆమె కన్ను ఎవరు తీసిండ్రు? అండ్ల నువ్వు పేల్చింది గిసుంటిదే కదా. నువ్వొచ్చి నాకు నేర్పుతున్నవా?”

అది నిజం. తొంభై ఎనిమిదిలో, రాళ్లు పడుతున్న ఒక మధ్యాహ్నం, బాషా పది అడుగుల దూరం నుంచి గుంపు మీదికి గ్యాస్ గన్ పేల్చాడు. గుంపుతో సంబంధం లేని చిట్టెమ్మ అనే ఆమె బుట్ట ఎత్తుకుంటూ తల పైకెత్తింది. విచారణలో నిబంధన ప్రకారమే పేల్చానని రాసిచ్చాడు. పై అధికారులు అది ఒప్పుకున్నారు. నలభై మీటర్లకు తక్కువ దూరంలో పేల్చకూడదని, మోకాళ్ల కింద గురిపెట్టాలని శిక్షణలో తనకు చెప్పిన సంగతి మాత్రం ఎవరూ అడగలేదు. రెండేళ్ల తర్వాత అతను ఉద్యోగం వదిలేశాడు.

“నేనే తీసినా,” అన్నాడు బాషా. “ఆ పొద్దు దూరం కొలవలేదు. కొలిచింటే పేల్చేవాణ్ని కాదు. ఈ గది కొలిచినా. నాలుగు మీటర్లు. దానం స్విచ్ ఎయ్యను వచ్చినాడు. తలుపు చప్పుడైతే ఇట్లా తిరిగినాడు. ఎవరో గడప కాడ నిలబడి పేల్చినారు. శుక్రవారం కరెంటు పోలేదప్పా. ఎవరో తీసేసినారు.”

 సరిగ్గా అప్పుడే ఇనుప తలుపు మూసుకుంది. బయట గడియ పడింది, తాళం నొక్కిన చప్పుడు వినిపించింది. మరుక్షణం తలుపు పైనున్న కంతలోంచి డబ్బాలాంటిది ఒకటి లోపలికి వచ్చి నేల మీద పడి దొర్లింది. బుస్సుమంటూ తెల్లటి పొగ లేచింది.

ఒకటీ యాభై రెండు.

పెరట్లో విసిరితే జనాన్ని పరిగెత్తించే గ్యాస్, తలుపు మూసిన గదిలో మనిషి ఊపిరి తీసేస్తుంది. ఈ సంగతి బాషాకు ఆలోచించే పని లేకుండానే తెలుసు. ఊపిరి బిగబట్టాడు. కళ్లు మూసుకుపోతుండగానే తడుముకుంటూ వెళ్లి ఇసుక బకెట్ అందుకుని డబ్బా మీద కుమ్మరించాడు. రెండోదీ కుమ్మరించాడు. ఇసుక కింద డబ్బా బుసకొట్టి, గురకపెట్టి, సన్నగిల్లింది. కానీ అప్పటికే గదిలో సగం పొగ నిండింది. ముక్కు, గొంతు, మెడ మీది చెమట అన్నీ కారం పూసినట్టు మండుతున్నాయి.

అర్షద్ తలుపును రెండు చేతులా బాదుతున్నాడు. వాకీటాకీలో ఘనీ పేరు పెట్టి అరుస్తున్నాడు. జవాబు లేదు. కాసేపటికి దగ్గుతూ కూలబడ్డాడు. బాషా అతని టై లాగి ముక్కుకు అడ్డంగా కట్టి, కళ్లు నలపొద్దని చేతులు పట్టుకున్నాడు.

తలుపు బద్దలయ్యేది కాదు. ఫోన్ తీస్తే అంకెలు కనిపించడం లేదు. అరిస్తే వినేవాళ్లు లేరు. రాత్రి షిఫ్టు చేసినవాళ్లు వంద మంది దాకా గదుల్లో ఏసీలు వేసుకుని నిద్రపోతున్నారు. వాళ్లను ఎట్లా లేపడం? బాషా గోడ పట్టుకుని లేచి, బోర్డు మీద చేతులు పాకించి, అన్నిటికన్నా పెద్ద స్విచ్ వెతికి, రెండు చేతులతో కిందికి లాగాడు.

క్యాంపంతా ఒక్కసారిగా మూగబోయింది. ఈ ఎండలో పావుగంటకు మించి ఆ గదుల్లో ఎవరూ పడుకోలేరు. కరెంటు పోతే ముందు చూడాల్సిన చోటు ఏదో మొన్నటి నుంచి అందరికీ తెలుసు. ఇక చేయగలిగింది ఎదురుచూడటమే. తలుపు కింది సందుకు మొహాలు ఆనించి ఇద్దరూ పక్కపక్కన బోర్లా పడుకున్నారు.

అర్షద్ మాట్లాడటం మొదలుపెట్టింది అప్పుడే. ఎవరూ అడగలేదు. దగ్గుకూ దగ్గుకూ మధ్య, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. నిరుడు గొడవ జరిగినప్పుడు కంపెనీ ఒక గ్యాస్ గన్, రెండు పెట్టెల రబ్బరు బుల్లెట్లు, గ్యాస్ డబ్బాలు ఎవరికీ చెప్పకుండా తెప్పించింది. బీరువా తాళం అర్షద్ దగ్గర. శుక్రవారం మధ్యాహ్నం, ఏసీలు చాలడం లేదని జనం గోల మొదలుపెట్టగానే, మెయిన్ తీసేస్తే ఎండకు తాళలేక దారికొస్తారని అబ్దుల్ ఘనీ సలహా ఇచ్చాడు. అర్షద్ సరేనన్నాడు. స్విచ్ దగ్గరికి ఎవరూ రాకుండా చూడమని గన్, కొన్ని బుల్లెట్లు, డబ్బాలు ఘనీకే ఇచ్చాడు. ఇప్పుడు విసిరిన డబ్బా వాటిలోదే.

“మనిషికి తగుల్తే ఏమైతదని అడిగిండు,” అన్నాడు అర్షద్. “రబ్బరే గదా, ఏం గాదని చెప్పిన. నేనే చెప్పిన భాయ్.”

మూడున్నరకు దానం వచ్చాడు. లోపల పదిమంది స్పృహ తప్పి ఉన్నారని, వాళ్ల కోసమైనా స్విచ్ వేస్తానని ఘనీని పక్కకు తోసి లోపలికి వెళ్లాడు. ఘనీ పేల్చాడు. ఒక్క దెబ్బకే దానం కింద పడి మళ్లీ లేవలేదు. పోలీసులు వెళ్లాక ఇద్దరూ కలిసి శవాన్ని పెరట్లోకి మోశారు. రాయితో కొట్టింది ఘనీ. బుచ్చన్న పేరు రాసింది అర్షద్.

“ఇది పోలీసు ముందర చెప్తావా?” అని అడిగాడు బాషా.

అర్షద్ కళ్లలోంచి, ముక్కులోంచి నీళ్లు కారుతున్నాయి. అది గ్యాసో ఏడుపో తెలియడం లేదు.

బయట మాటలు వినిపించాయి. తర్వాత గడియ మీద సుత్తి దెబ్బలు. రెండూ తొమ్మిదికి తలుపు తెరుచుకుంది. లుంగీలతో, బనియన్లతో పరిగెత్తుకొచ్చిన పాతికమంది దగ్గుకుంటూ వెనక్కి తగ్గారు. ఎవరో బకెట్టుతో నీళ్లు తెచ్చి ఇద్దరి మొహాల మీదా పోశారు.

బాషా మొదట ఇసుకలో కూరుకుపోయిన డబ్బాను బయటికి తీయించి, రబ్బరు దిమ్మెతో పాటు బకెట్లోనే పెట్టించాడు. గార్డుల దగ్గర లాఠీలు తప్ప ఏమీ లేవని రాసిచ్చిన కంపెనీకి ఆ డబ్బా ఎక్కడి నుంచి వచ్చిందో ఇక చెప్పక తప్పదు. ఫోన్లో అంకెలు కనిపించగానే లెఫ్టినెంటుకు చేశాడు. ఆయన ఎత్తగానే, బాషా ఏమీ అనకుండా ఫోన్ అర్షద్ ముందు పట్టాడు. అర్షద్ దాన్ని తీసుకున్నాడు. తడబడే అరబ్బీలో తన పేరు, హోదా చెప్పి, తుపాకీ మాదేనన్నాడు.

ఘనీ ఎక్కడని బాషా గుంపును అడిగాడు. కళ్లు తుడుచుకుంటూ పికప్ ఎక్కి వెళ్లిపోయాడని ఒకతను చెప్పాడు. కంతలోంచి డబ్బా విసిరినప్పుడు పొగ కొంత అతని మొహం మీదికే కొట్టిందట. పోయి పావుగంట దాటింది. ఎటు? ఆసుపత్రికని గేటు దగ్గర చెప్పాడట.

ఆసుపత్రికి పావుగంట ప్రయాణం. బాషా అర్షద్ చేతిలోంచి ఫోన్ లాక్కుని, లెఫ్టినెంటును ఆసుపత్రికి రమ్మని చెప్పి, జ్ఞానమణి నంబరు నొక్కాడు. నాలుగు రింగుల తర్వాత ఆమె ఎత్తింది.

“అమ్మా, నేను బాషాను. క్యాంపు నుంచి ఎవరన్నా వచ్చినారా?”

“అవునండి, ఇప్పుడే ఒకాయన కళ్లు మంటలని వచ్చారు,” అందామె మామూలుగా. “నా ఎదురుగానే ఉన్నారు. శుక్రవారం డ్యూటీ ఎవరిదని అడిగారు. నాదేనని చెప్పాను.”

బాషా కారు వైపు పరిగెడుతూనే గొంతు తగ్గించాడు. “ఆ మనిషికి తెలుగు వస్తుంది. నువ్వు ఊ అను, అంతే. దానంను సంపింది వాడే. పోలీసులు బయల్దేరినారు, నేనూ వస్తాండా. వాడి రెండు కండ్లకూ మందేసి, దూది పెట్టి, గట్టిగా కట్టు కట్టు. ఇప్పితే చూపు పోతుందని చెప్పు.”

అవతల ఒక ట్రేలో ఇనుప వస్తువేదో కదిలిన చప్పుడు వినిపించింది. బాషా స్టీరింగ్ ముందు కూర్చుని తాళంచెవి తిప్పడం మరిచి విన్నాడు.

“అలాగే డాక్టరుగారు,” అంది జ్ఞానమణి. ఆ తర్వాత ఫోన్ కొంచెం దూరం జరిగింది. ఆమె గొంతు ఇంకెవరితోనో, ఏ తొణుకూ లేకుండా మాట్లాడుతోంది.

“తల వెనక్కి వాల్చండి బాబూ. కళ్లు మూసుకోండి. నేను చెప్పేదాకా తెరవకండి.”